హైటెక్ సిటీ నుంచి తొలి ఆఫ్రికా సఫారీ

ఆఫ్రికా సఫారీ అంటే కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా వంటి దేశాల్లోని గడ్డిమైదానాల్లో, అడవుల్లో వాహనం మీద తిరుగుతూ సింహం, ఏనుగు, చిరుతపులి, ఖడ్గమృగం, అడవిదున్న వంటి మృగాలను వాటి తావుల్లోనే చూసే విహారయాత్ర. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ఐటీ ఉద్యోగుల కుటుంబాలు పెట్టుకునే దూరపు విహారాల జాబితాలోకి ఇది ఇప్పుడిప్పుడే చేరుతోంది. సింగపూర్, దుబాయ్, థాయిలాండ్ ప్రయాణాలకు టికెట్టు, హోటలు కుదిరితే చాలావరకు పని అయిపోయినట్టే. సఫారీ సంగతి వేరు. అక్కడ వానలు ఎప్పుడు, మందలు ఏ నెలలో ఎక్కడుంటాయి, అరవై దాటిన అమ్మానాన్నలకు టీకా వేయించవచ్చా, పిల్లవాడి వయసుకు జీపు ఎక్కనిస్తారా అన్నవి తేలాకే డబ్బు కట్టాలి.

1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన కాలానికి హైదరాబాద్ మధ్యతరగతి ఇళ్లలో విదేశీ ప్రయాణమంటే చదువో, ఆన్‌సైట్ ఉద్యోగమో, కూతురి పురిటికి అమెరికా వెళ్లడమో. సెలవు గడపడానికే దేశం దాటడం ఆ తర్వాత వచ్చిన అలవాటు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలవడం, గచ్చిబౌలి నుంచి అక్కడికి ఔటర్ రింగ్ రోడ్డు పడటం ఆ అలవాటును పెంచాయి. ఆఫ్రికాకు మాత్రం చాలాకాలం దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారడమో, ముంబయి వెళ్లి కెన్యా ఎయిర్‌వేస్ నైరోబీ విమానం ఎక్కడమో చేయాల్సి వచ్చేది. 2025 జూన్‌లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ అడిస్ అబాబా నుంచి హైదరాబాద్‌కు వారానికి మూడు సర్వీసులతో నేరుగా విమానం నడపడం మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎస్.ఎస్. రాజమౌళి మహేశ్‌బాబు సినిమా చిత్రీకరణకు కెన్యా వెళ్లి, అక్కడి ప్రైమ్ క్యాబినెట్ సెక్రటరీ ముసాలియా ముదావాదిని కలిసిన ఫొటోలు తెలుగు పత్రికల నిండా వచ్చాయి. నవంబరులో ఆ సినిమాకు ‘వారణాసి’ అని పేరు ప్రకటించేనాటికి మసాయి మారా, అంబోసెలి వంటి కెన్యా సఫారీ ప్రాంతాల పేర్లు ఇక్కడి వారికి బాగానే పరిచయమయ్యాయి.

ముందు సెలవులు, తర్వాత దేశం

తొలిసారి వెళ్లేవారు మామూలుగా దేశం ఖాయం చేసుకుని, ఆపైన తేదీలు వెతుక్కుంటారు. బడికెళ్లే పిల్లలున్న హైదరాబాద్ కుటుంబం ఈ వరసను తిరగేయాలి. సెలవులు ఎప్పుడన్నది బడి, ఆఫీసు కలిసి తేల్చేస్తాయి. ఆ రోజుల్లో ఏ దేశంలో వాతావరణం అనుకూలమో చూసుకుని అక్కడికి వెళ్లడమే సరైన పద్ధతి.

తెలంగాణలో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా ఉంటాయి. కెన్యా, టాంజానియాల్లో పెద్దవానల కాలం మార్చి చివర మొదలై మే దాకా సాగుతుంది. మసాయి మారాలో చాలా నేల నల్లరేగడి. ఆ మట్టి తడిస్తే ఎలా ఉంటుందో ఆదిలాబాద్ వైపు పత్తి చేలు చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఫోర్‌వీల్ బండి కూడా ఇరుసుల దాకా దిగబడుతుంది. గడ్డి నడుమెత్తు పెరిగి, పడుకున్న సింహం పది అడుగుల దూరంలో ఉన్నా కనపడదు. కొన్ని క్యాంపులు ఏప్రిల్, మే నెలల్లో పూర్తిగా మూసేస్తారు. మిగిలినవి ధర తగ్గిస్తాయి. ఆ తగ్గింపే హైదరాబాద్ ఏజెంట్ల దగ్గర వేసవి ఆఫర్‌గా కనిపిస్తుంది. వానలో పచ్చగా ఉండే మైదానం అందంగానే ఉంటుంది, పక్షులు ఎక్కువ, జనం తక్కువ. కానీ జీవితంలో ఒక్కసారే వెళ్తామనుకునే కుటుంబానికి అది సరైన బేరం కాదు.

అదే మే నెలలో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ వానలు అక్టోబరు నుంచి మార్చి దాకా. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి చలికాలం. పొదల ఆకు రాలిపోతుంది, వాగులు ఎండిపోతాయి, మృగాలన్నీ మిగిలిన నీటి మడుగుల చుట్టూ చేరతాయి. బండి ఆపుకుని ఒక మడుగు దగ్గర గంట కూర్చుంటే ఏనుగులు, జిరాఫీలు, జీబ్రాలు వంతులవారీగా వచ్చి వెళ్లడం చూడొచ్చు. వేసవి సెలవులు తప్ప మరో అవకాశం లేని హైదరాబాద్ కుటుంబానికి కెన్యా కన్నా క్రూగరే మంచిదని గట్టిగా చెప్పవచ్చు.

దసరా సెలవులు కెన్యాకు బాగా కుదురుతాయి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, ఏటా వలస తిరిగే వైల్డ్‌బీస్ట్ (ఒక రకం పెద్ద జింక) మందలు చాలావరకు మారాలోనే ఉంటాయి. సంక్రాంతికి దొరికే వారం రోజులు చిన్నవానలు ఆగిన పొడి రోజుల్లో పడతాయి. అప్పటికి మందలు టాంజానియాలో దక్షిణ సెరెంగెటి చేరుకుంటాయి. అమెరికా క్లయింట్లు సెలవులో ఉండే డిసెంబరు చివరి పది రోజులు టెకీలకు లీవు తేలిగ్గా దొరికే కాలమే, అయితే ప్రపంచమంతా అప్పుడే సెలవులో ఉంటుంది కాబట్టి ధరలూ ఎక్కువే. పిల్లలు లేని దంపతులకు, బడి వయసు రాని పసివాళ్ల తల్లిదండ్రులకు ఈ తిప్పలేమీ లేవు. వారు ఫిబ్రవరిని మరచిపోకూడదు.

ఎందుకంటే ఫిబ్రవరిలో దక్షిణ సెరెంగెటి అంచున న్‌డుటు మైదానాల్లో వైల్డ్‌బీస్ట్‌లు ఈనుతాయి. కొద్ది వారాల్లోనే లక్షల దూడలు నేలమీద పడతాయి. పుట్టిన కాసేపటికే దూడ లేచి తల్లి వెంట పరుగెత్తాలి, ఎందుకంటే చీతాలు, హైనాలు అక్కడే కాపు కాసి ఉంటాయి. మే, జూన్ నెలల్లో మందలు పడమటి దారిన గ్రుమేటి నది వైపు సాగి, జూలై నుంచి అక్టోబరు మధ్య మొసళ్లున్న మారా నదిని దాటుతూ కెన్యాలోకి వచ్చి, నవంబరులో మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి. వెంట సుమారు రెండు లక్షల జీబ్రాలు, లెక్కకు మించిన జింకలు. వైల్డ్‌బీస్ట్‌లు 13 లక్షలని విమాన సర్వేల ఆధారంగా చాలా ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఉపగ్రహ చిత్రాలను కృత్రిమ మేధతో లెక్కించిన ఒక అధ్యయనం 2025లో వెలువడింది. అందులో తేలిన సంఖ్య ఆరు లక్షల లోపే. ఏ లెక్క సరైనదన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య సాగుతోంది. మారా నది దాటడం ఏ రోజు, ఏ రేవులో జరుగుతుందో మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేరు. ‘క్రాసింగ్ గ్యారంటీ’ అని రాసిచ్చే ఏజెంటును నమ్మకూడదు.

మూడు దేశాలు, మూడు తీర్లు

కెన్యా తొలిసారి వారికి చేరువైన దేశం. మసాయి మారా నేషనల్ రిజర్వు విస్తీర్ణం 1,510 చదరపు కిలోమీటర్లు. నైరోబీ నుంచి నరోక్ మీదుగా రోడ్డున ఐదారు గంటలు, విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట. రిజర్వు చుట్టూ మారా నార్త్, ఓలారే మొటొరోగి, నబోయిషో వంటి కన్జర్వెన్సీలు ఉన్నాయి. మసాయి కుటుంబాల భూముల్ని కౌలుకు తీసుకుని నడిపే ప్రాంతాలవి. అక్కడ బస చేసేవారి సంఖ్యకు పరిమితి ఉంటుంది, రాత్రి డ్రైవ్, నడక సఫారీ కుదురుతాయి. ధర ఎక్కువే, అయినా ఒక సింహం చుట్టూ ఇరవై బండ్లు మూగిన దృశ్యం చూడకూడదనుకునేవారు రెండు రాత్రులైనా కన్జర్వెన్సీలో ఉండటం మంచిది. మారాకు తోడు అంబోసెలిని పెట్టుకుంటే సరిపోతుంది. 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు అది. సరిహద్దు అవతల టాంజానియాలో నిలిచిన 5,895 మీటర్ల కిలిమంజారో ముందు నుంచి ఏనుగుల గుంపులు నడిచివస్తుంటాయి.

టాంజానియాలో అన్నీ పెద్దవే. సెరెంగెటి 14,763 చదరపు కిలోమీటర్లు, 1951లో నేషనల్ పార్కు అయింది. న్‌గోరోన్‌గోరో పురాతన అగ్నిపర్వతం కూలిపోగా ఏర్పడిన గిన్నె వంటి లోయ. అడుగు వైశాల్యం సుమారు 260 చదరపు కిలోమీటర్లు, గోడల ఎత్తు 600 మీటర్లు. ఒక్క పూటలో సింహం, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న కనిపించే చోట్లలో ఇదొకటి. అరుషా నుంచి సెరెంగెటి నడిబొడ్డున ఉన్న సెరోనెరా చేరడానికి గతుకుల దారిలో ఏడెనిమిది గంటలు పడుతుంది. నడుము నొప్పి ఉన్న పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

దక్షిణాఫ్రికా తీరు పూర్తిగా వేరు. క్రూగర్ 1926లో నేషనల్ పార్కుగా ఏర్పడింది, విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. తారు రోడ్లు, పెట్రోలు బంకులు, కిరాణా కొట్లు, వంటగదులున్న కాటేజీలు అందులోనే ఉన్నాయి. సొంతంగా కారు అద్దెకు తీసుకుని నడపవచ్చు. మన మాదిరే ఎడమ పక్కన నడపడం కాబట్టి ఇబ్బంది ఉండదు. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు, చెప్పినచోట తప్ప కారు దిగకూడదు. సొంతంగా అన్నం వండుకునే వీలుండటం పప్పు, పెరుగు లేనిదే గడవని ఇళ్లవారికి పెద్ద ఊరట.

తెలుగువారికి దక్షిణాఫ్రికాలో మరో దారి కూడా ఉంది, దాన్ని మన ఏజెంట్లు ఎందుకో పెద్దగా చూపించరు. 1860లో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రురో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్లిన తొలి భారతీయులు అందులో ఉన్నారు. ఆ తర్వాతి ఓడల్లో ఆంధ్ర ప్రాంతపు జిల్లాల నుంచి వేలమంది వెళ్లారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. డర్బన్ నుంచి మూడు గంటల దూరంలో 1895లో ఏర్పడిన హ్లుహ్లువే–ఇమ్‌ఫొలోజి పార్కు ఉంది. అంతరించే దశకు చేరిన తెల్ల ఖడ్గమృగాన్ని కాపాడి, అక్కడి నుంచి ప్రపంచమంతటా తిరిగి పంచిన చోటు అది. డర్బన్‌లో రెండు రోజులు, ఈ పార్కులో మూడు రాత్రులు గడిపితే మృగాలతో పాటు నూటయాభై ఏళ్ల పైబడిన తెలుగు వలస చరిత్రనూ చూసి రావచ్చు.

తూర్పు ఆఫ్రికాలోనూ భారతీయుల చరిత్ర ఉంది. 1896–1901 మధ్య మొంబాసా నుంచి విక్టోరియా సరస్సుకు రైలుమార్గం వేసినవారిలో అత్యధికులు మన దేశం నుంచి తీసుకెళ్లిన కూలీలే. 1898లో త్సావో వంతెన కడుతుండగా రెండు సింహాలు నెలల తరబడి వారిని ఎత్తుకుపోయాయి. ఆ ప్రాంతం ఇప్పుడు త్సావో నేషనల్ పార్కు. కుమావూ కొండల్లో నరభక్షక పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ 1947లో కెన్యాకు వెళ్లిపోయి 1955లో న్యేరిలో కన్నుమూశాడు. 1977లో కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది. ఈ రోజు అక్కడ సఫారీ అంటే కెమెరాతో చేసేది మాత్రమే.

ఇక రోజుల లెక్కకు వస్తే, శని, ఆదివారాలు కలుపుకుంటే ఐదు రోజుల లీవుకు తొమ్మిది రోజులు చేతికొస్తాయి. రాకపోకలకు రెండు రోజులు పోగా మిగిలిన ఏడింటిలో రెండు పార్కులు చాలు. యూరప్ ప్యాకేజీల అలవాటు కొద్దీ మారా, నకూరు, నైవాషా, అంబోసెలి, త్సావో అన్నీ ఒకే వారంలో ఇరికిస్తే రోజూ సగం పూట హైవే మీదే గడుస్తుంది. ఒకే చోట మూడు రాత్రులుంటే గైడుకు అక్కడి మందల కదలికలు తెలుస్తాయి, నిన్న వేటాడని సింహం ఇవాళ ఎక్కడుంటుందో అంచనా దొరుకుతుంది.

ఇంటిల్లిపాదీ జీపులో నాలుగు గంటలు కూర్చోగలరా లేదా తెలియాలంటే ముందు మహారాష్ట్రలోని తడోబా టైగర్ రిజర్వుకు వెళ్లి రావడం మేలు. హైదరాబాద్ నుంచి కారులో ఆరేడు గంటలు. మంగళవారం కోర్ గేట్లు మూసి ఉంటాయి, వానాకాలంలో కోర్ ప్రాంతంలోకి పోనివ్వరు. అంత దూరం వద్దనుకుంటే అమ్రాబాద్ టైగర్ రిజర్వులోని ఫర్హాబాద్ ఉంది. మన అడవుల్లో సఫారీకి ఉదయం, మధ్యాహ్నం అని విడివిడి సమయాలుంటాయి. మారాలో భోజనం డబ్బాలో పెట్టించుకుని పొద్దున ఆరింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికి తిరిగి రావచ్చు.

కాగితాలు

కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి, దాని స్థానంలో ఎలక్ట్రానిక్ ట్రావెల్ ఆథరైజేషన్ పెట్టింది. రుసుము 30 డాలర్లు, పసిపిల్లలకూ విడిగా తీసుకోవాలి. వెతికితే ముందుగా కనపడేవి ఎక్కువ రుసుము గుంజే ప్రైవేటు సైట్లు. అసలైన ప్రభుత్వ చిరునామా ‘గో డాట్ కేఈ’తో ముగుస్తుంది. టాంజానియా ఈ–వీసా 50 డాలర్లు. కెన్యా, ఉగాండా, రువాండా మూడింటికీ కలిపి 90 రోజుల ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా 100 డాలర్లకు దొరుకుతుంది, టాంజానియా అందులో లేదు. దక్షిణాఫ్రికాకు ముందుగానే వీసా తీసుకోవాలి, రెండు నెలల వ్యవధి ఉంచుకోవడం మంచిది. పిల్లలుంటే తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం అడుగుతారు. తల్లి లేదా తండ్రి ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం కావాలి. జీహెచ్‌ఎంసీ పాత జనన పత్రాల్లో చాలావాటిలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. మీసేవలో పేరు చేర్పించే పని టికెట్ల కన్నా ముందే పూర్తి చేసుకోవాలి.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంటిపేరుది. చాలామంది పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరు, పేరు అన్నీ ఒకే గడిలో ఉంటాయి. టికెట్టులో, ఆన్‌లైన్ దరఖాస్తులో, టీకా కార్డులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒకటే పదం పేరుగా ఉన్న పాస్‌పోర్టులపై విజిటర్లను అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. దారిలో రెండు రోజులు దుబాయ్ చూద్దామనుకునేవారు ఈ సంగతి సరిచూసుకోవాలి.

టీకా, మాత్రలు

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. ఇది కెన్యాలో దిగడానికి కన్నా తిరిగి ఇండియాకు రావడానికి ముఖ్యం. ఈ జ్వరం మన దేశంలో లేదు, దాన్ని మోయగల ఏడిస్ దోమలు మాత్రం ప్రతి కాలనీలోనూ ఉన్నాయి. అందుకే కెన్యా, ఉగాండా, ఇథియోపియా వంటి దేశాల నుంచి వచ్చేవారి దగ్గర టీకా పత్రం లేకపోతే విమానాశ్రయంలోని ఆరోగ్య అధికారులు ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచగలరు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వేయించుకున్న పదో రోజు నుంచే పత్రం చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుబాటవుతోంది. అడిస్ అబాబాలో విమానం మారి వచ్చేవారు విమానాశ్రయం దాటి బయటికి పోకపోతే మినహాయింపు ఉంది, కానీ అందుకు ఆరోగ్య అధికారి ఒప్పుకోవాలి. ఆ మార్గంలో వెళ్లేవారు పత్రం చేతిలో ఉంచుకోవడమే మేలు.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా. తొమ్మిది నెలల లోపు పసివాళ్లకు వేయరు. గుడ్డు పడనివారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు వైద్యుణ్ని అడగనిదే వేయించుకోకూడదు. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో అరుదుగా తీవ్రమైన దుష్ఫలితాలు రావచ్చు. అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లే టెకీ కుటుంబాలు దేశం ఎంచుకోవడానికి ముందే వైద్యుణ్ని కలవాలి. వద్దంటే దక్షిణాఫ్రికా ఉంది. గల్ఫ్ మీదుగా వెళ్తే ఈ టీకాతో పనే లేదు.

మలేరియా సంగతికి వస్తే, సికింద్రాబాద్‌కు దానితో పాత సంబంధమే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో అతనికి నోబెల్ వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, ప్రాణం తీసేది అదే. అటోవాక్వోన్–ప్రొగ్వానిల్ మాత్రలు ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక వారం రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. ఏది ఎవరికన్నది వైద్యుడు చెప్పాలి. చంటిపిల్లలతో వెళ్తూ మలేరియా భయం అసలే వద్దనుకునేవారికి దక్షిణాఫ్రికాలో పిలానెస్‌బర్గ్, మదిక్వే ఉన్నాయి. రెండూ మలేరియా లేని ప్రాంతాలు. క్రూగర్ ప్రభుత్వ క్యాంపుల్లో గైడు నడిపే బండి ఎక్కడానికి ఆరేళ్లు నిండాలి.

బీమాలో విమాన తరలింపు ఉందో లేదో చూసుకోవాలి. 1957లో ముగ్గురు సర్జన్లు మొదలుపెట్టిన ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి ఇప్పటికీ మారుమూల క్యాంపుల్లోని రోగుల్ని ఆస్పత్రులకు చేరుస్తోంది.

డబ్బు లెక్క

సఫారీ ఖర్చులో పెద్ద వాటా పార్కు రుసుము, బండి, బస. మసాయి మారాలో విదేశీ పెద్దలకు రోజు రుసుము 2024 జూలై నుంచి జనవరి–జూన్ మధ్య 100 డాలర్లు, జూలై–డిసెంబరు మధ్య 200 డాలర్లు. తొమ్మిది నుంచి పదిహేడేళ్ల పిల్లలకు 50. దసరాకు భార్యాభర్తలు, పదేళ్ల బిడ్డ మూడు రోజులుంటే గేటు దగ్గరే 1,350 డాలర్లు. చివరి రోజు ఉదయం పదింటిలోపు బయటికి రాకపోతే మరో రోజుకు కట్టాలి. అందుకే ప్యాకేజీ ధర చూసినప్పుడు పార్కు రుసుము కలిపారా, బండి మనకే విడిగానా లేక వేరేవారితో పంచుకోవాలా, అది పైకప్పు లేచే ల్యాండ్ క్రూజరా లేక వ్యానా అని రాతపూర్వకంగా అడగాలి. ఆపరేటరుకు కెన్యాలో కాటో, టాంజానియాలో టాటో, దక్షిణాఫ్రికాలో సాట్సా సభ్యత్వం ఉందేమో ఆయా సంఘాల జాబితాల్లో చూడవచ్చు. కెన్యా గైడ్లకు కేపీఎస్‌జీఏ అనే గైడ్ల సంఘం పరీక్షలు పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ హోదాలు ఇస్తుంది. హోటలు గదికి ఒక మెట్టు తగ్గినా పరవాలేదు, సిల్వర్ గైడును అడిగి తీసుకోవాలి. యాత్ర ఫలితం చాలావరకు అతని కళ్ల మీదే ఆధారపడుతుంది.

విదేశీ టూర్ ప్యాకేజీపై ఏజెంటు టీసీఎస్ (అమ్మకం దగ్గరే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. 2025–26 ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం. బడ్జెట్లతో ఈ రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనే ఏడాది రేటు చూసుకోవాలి. ఇది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. 2024 అక్టోబరులో వచ్చిన వెసులుబాటు ప్రకారం ఈ మొత్తాన్ని కంపెనీ పేరోల్ విభాగానికి చూపిస్తే జీతంలో కోసే టీడీఎస్ ఆమేరకు తగ్గుతుంది. ఎల్‌టీఏ మినహాయింపు మాత్రం దేశంలోపలి ప్రయాణాలకే.

నగదు డాలర్లలో ఉండాలి. 2009కి ముందు ముద్రించిన నోట్లను తూర్పు ఆఫ్రికాలో చాలాచోట్ల తీసుకోరు. కెన్యాలో కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తో చెల్లించే ఎం–పెసా 2007లోనే మొదలైంది, మన యూపీఐ కన్నా తొమ్మిదేళ్లు ముందు. స్థానిక సిమ్ కొంటే అదీ వాడుకోవచ్చు.

సంచి, జీపు, భోజనం

విల్సన్ నుంచి మారాకు ఎగిరే చిన్న విమానాల్లో చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. అమెరికా ప్రయాణాలకు కొన్న గట్టి సూట్‌కేసు ఆ విమానం అరలోకి పట్టదు. కెన్యా 2017 ఆగస్టులో ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించింది. 2020 జూన్ నుంచి పార్కుల్లోకి వాడిపారేసే ప్లాస్టిక్ సీసాలు కూడా తేకూడదు. కందిపొడి, నువ్వులపొడి, చెగోడీలు పలచటి కవర్లలో కట్టే అలవాటును ఈసారికి మానుకుని స్టీలు డబ్బాల్లో పెట్టాలి. ముదురు నీలం, నలుపు బట్టలకు త్సెత్సె ఈగలు ఆకర్షితమవుతాయి. ఆఫీసు బ్యాగులోని నేవీ బ్లూ టీషర్టులు ఇంట్లోనే ఉంచాలి. సైనికుల కామఫ్లాజ్ తరహా దుస్తులు పలు ఆఫ్రికా దేశాల్లో నిషిద్ధం. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెట్టర్ మరిచేవారు న్‌గోరోన్‌గోరో అంచున వణుకుతారు. ఆ అంచు సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది. కెన్యా, టాంజానియాల్లో బ్రిటిష్ తరహా చదరపు పిన్నుల సాకెట్లు. దక్షిణాఫ్రికాలో పాత సాకెట్లకు మన గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది.

తిండి గురించి అంత దిగులు అక్కర్లేదు. కెన్యాలో తరతరాలుగా ఉన్న గుజరాతీ, పంజాబీ కుటుంబాల వల్ల చపాతీ, సమోసా అక్కడి ఇంటి వంటలైపోయాయి. శాకాహారమని బుక్ చేసేటప్పుడే చెబితే క్యాంపు వంటవాడు పప్పు, కూర చేసిపెడతాడు. గుడారంలో మాత్రం తినుబండారాలు ఉంచకూడదు. వెర్వెట్ కోతులు జిప్పు లాగడం నేర్చుకున్నాయి, బబూన్లు అంతకన్నా మొరటువి.

మారాలో పొద్దున ఆరింటికి బండి గేటు దాటేసరికి నేల మీద మంచు తెర ఇంకా లేవదు. అనుభవమున్న గైడు మొదటి అరగంట సింహం కోసం వెతకడు, జింకల్ని చూస్తాడు. గడ్డి మేస్తున్న థామ్సన్ జింకలన్నీ ఒక్కసారిగా తలలెత్తి ఒకే దిక్కుకు చూస్తే ఇంజను ఆపేస్తాడు. అటు పొద దగ్గర ముందు ఒక చెవి కదులుతుంది, తర్వాత వీపు కనపడుతుంది. చీతా అని పిల్లలు అరవబోతే వేలు పెదవుల మీద పెడతాడు. అది ఇరవై నిమిషాలు కదలకపోవచ్చు. రేడియోలో పక్క బండి పులకరింపుగా ఇంకేదో చెబుతున్నా కదలొద్దని అడగాలి. ఒక మృగం దగ్గర ఐదు బండ్లకు మించి ఉండకూడదన్నది అక్కడి నియమం. ఇంకా దగ్గరికి పోనివ్వమని డ్రైవరుకు టిప్పు ఆశ చూపడం మృగానికి చేటు, అతని లైసెన్సుకూ చేటు. మసాయి ఊళ్లలో ఫొటో తీసే ముందు అడగడం, ముందే మాట్లాడుకున్న రుసుమును ఊరి పెద్దకే ఇవ్వడం కనీస మర్యాద.

తిరిగి వచ్చాక కూడా ఒక జాగ్రత్త మిగిలే ఉంటుంది. ఫాల్సిపారం మలేరియా దోమ కుట్టిన వారం తర్వాత ఎప్పుడైనా బయటపడవచ్చు, ఎక్కువగా మూడు నెలల లోపు. దసరాకు వెళ్లొచ్చినవారికి జ్వరం తగిలితే హైదరాబాద్‌లో ఆ రోజుల్లో డెంగీ, వైరల్ జ్వరాలు ఉండనే ఉంటాయి, క్లినిక్‌లో ముందు వాటికే పరీక్షలు రాస్తారు. ఆఫ్రికా వెళ్లివచ్చిన సంగతి, వెళ్లిన దేశం, వేసుకున్న మాత్రల పేరు మొదటి మాటగా డాక్టరుకు చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోవాలి. మొదటి పరీక్షలో కనపడకపోయినా జ్వరం తగ్గకపోతే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల తేడాతో మళ్లీ రక్తం చూస్తారు.